నమ్మదగిన డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్‌లో పరిశోధన, అధ్యాపక వృత్తి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ రంగంలో పీహెచ్‌డీ చేద్దామనుకునేవాళ్లు, చేస్తూ మధ్యలో తల పట్టుకున్నవాళ్లు, ముగించి ఎటు పోవాలో తోచనివాళ్లు నన్ను అడిగేవి తిప్పి తిప్పి ఇవే ప్రశ్నలు. ప్రతిసారీ అదే మెయిల్ మళ్లీ రాయలేక అన్నీ ఒకచోట పెట్టాను. దేనికది విడిగా చదువుకోవచ్చు. జవాబుల్లో నా అభిప్రాయాలు చాలానే ఉన్నాయి, ఇదే రంగంలో ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు.

## చేరాలా వద్దా అనుకునేటప్పుడు

అసలు ఈ ఫీల్డ్‌లో ఏం చేస్తారు? మా ఇంట్లోవాళ్లకు చెప్పేలా చెప్పండి.

ఒక పనిని చాలా మెషీన్లు కలిసి చేస్తున్నప్పుడు, వాటిలో కొన్ని పాడైనా పని ఆగకూడదు, తప్పు సమాధానం రాకూడదు. అది ఎలాగో కనిపెట్టడమే మా పని.

వినడానికి తేలిగ్గానే ఉంటుంది. మెలిక ఒక్కచోట ఉంది. అవతలి మెషీన్ చచ్చిపోయిందా, లేక నెట్‌వర్క్ నెమ్మదించి జవాబు ఇంకా దారిలో ఉందా అన్నది ఇవతలి మెషీన్‌కు తెలిసే మార్గం లేదు. మీరు ఫోన్ చేస్తే ఎత్తని మనిషి నిద్రపోతున్నాడో, ఫోన్ ఎక్కడో మర్చిపోయాడో రింగు విని చెప్పలేరు కదా. 1985లో ఫిషర్, లించ్, ప్యాటర్సన్ అనే ముగ్గురు దీన్ని గణితంగా తేల్చారు. మెసేజ్ ఎంత ఆలస్యమవుతుందో హద్దు లేని చోట, ఒక్క మెషీన్ క్రాష్ కాగలిగినా సరే, అందరినీ ఒకే నిర్ణయానికి తెచ్చి తప్పకుండా ముగిసే డిటర్మినిస్టిక్ (ర్యాండమ్ ఎంపికలు వాడని) అల్గారిథమ్ ఉండదు. కుదరదని తేలింది కదా అని ఎవరూ దుకాణం కట్టేయలేదు. 1988లో డ్వర్క్, లించ్, స్టాక్‌మేయర్ ఒక రాజీ మార్గం చూపించారు: నెట్‌వర్క్ ఎప్పుడు ఎలా ఉన్నా తప్పు నిర్ణయం మాత్రం రాదు, నెట్‌వర్క్ కుదురుకున్నప్పుడు పని ముందుకు కదులుతుంది. ఇవాళ వాడుకలో ఉన్న డేటాబేస్‌లలో చాలావరకు ఏదో ఒక రూపంలో ఈ రాజీ మీదే నిలబడ్డాయి.

పాక్సోస్ ఉంది, రాఫ్ట్ ఉంది. ఇంకా కనిపెట్టడానికి ఏం మిగిలింది?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. పాక్సోస్, రాఫ్ట్ అంటే కొన్ని మెషీన్లు ఆగిపోయినా మిగతావాటిని ఒకే నిర్ణయానికి తెచ్చే పేరున్న అల్గారిథమ్‌లు. రెండూ మెషీన్ గురించి ఒక మాట నమ్ముతాయి: అది సరిగ్గా పనిచేస్తుంది, లేదంటే ఆగిపోతుంది. నిజం మెషీన్లకు ఈ మర్యాద లేదు. సగం చచ్చి సగం బతికి ఉంటాయి. ఆరోగ్యం ఎలా ఉందని అడిగే చిన్న మెసేజ్‌కు ఠంచనుగా జవాబిస్తూనే, అసలు పని దగ్గర నత్తనడక నడుస్తాయి. 2017లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు దీనికి గ్రే ఫెయిల్యూర్ అని పేరు పెట్టారు. 2021లో గూగుల్ వాళ్లు ఇంకో సంగతి బయటపెట్టారు. కొన్ని ప్రాసెసర్ కోర్లు ఏ ఎర్రరూ చూపకుండా లెక్కలే తప్పు చేస్తున్నాయట.

అదే ఏడాది వచ్చిన మెటాస్టేబుల్ ఫెయిల్యూర్ అనే ఆలోచన నాకు చాలా ఇష్టం. ఒక సర్వర్ సెకనుకు 1000 రిక్వెస్టులు మోయగలదు, వస్తున్నవి 800 అనుకోండి. ఏదో కారణంతో ఒక నిమిషం పాటు 1200 వచ్చాయి. క్యూ పెరిగింది, టైమౌట్లు మొదలయ్యాయి, జవాబు రానివాళ్లందరూ రీట్రై కొట్టారు. నిమిషం గడిచింది, అసలు లోడ్ మళ్లీ 800కు దిగింది. కానీ ప్రతి రిక్వెస్టూ రెండుసార్లు వస్తోంది కాబట్టి సర్వర్ ముందు నిలబడింది 1600. అందులో చాలావాటికి మళ్లీ టైమౌట్, మళ్లీ రీట్రై. నిప్పు పెట్టిన కారణం ఎప్పుడో పోయింది, మంట మాత్రం తనను తానే ఎగదోసుకుంటోంది. ఒక్క మెషీన్ కూడా పాడవలేదు, ఒక్క లైను కోడ్ కూడా తప్పు కాదు. ఇలాంటిదాన్ని ముందే పసిగట్టడం ఎలా అన్నది ఇంకా తేలని ప్రశ్న.

అందరూ ఏఐ వైపు పోతున్నారు. నేను ఇందులోకి వచ్చి వెనకబడిపోనా?

పెద్ద మోడల్‌కు ట్రైనింగ్ ఇవ్వడం అంటే వేల జీపీయూలు వారాల తరబడి ఒకే అడుగు వేస్తూ నడవడం. ఒకటి తడబడితే మిగతావన్నీ ఆగుతాయి. మెటా సంస్థ 2024లో లామా 3 గురించి ప్రచురించిన లెక్క చూడండి. 16,384 జీపీయూల మీద 54 రోజుల్లో పని 466 సార్లు ఆగింది. అందులో 419 ఎవరూ అనుకోనివి. అంటే దాదాపు మూడు గంటలకొకసారి. ఆ ఆగిన ప్రతిసారీ ఏది పాడైందో కనిపెట్టి, ఎక్కడ వదిలామో అక్కడి నుంచి మళ్లీ లేపడం మా రంగం పనే. ఏఐ వల్ల మాకు చేతినిండా పని దొరికింది.

నాకు మ్యాథ్స్ అంతగా రాదు. అయినా రావచ్చా?

ఏ వైపు వస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. థియరీ వైపు, అంటే పీఓడీసీ, డిస్క్ లాంటి కాన్ఫరెన్సుల వైపు వెళ్తే ప్రూఫులే జీవితం. సిస్టమ్స్ వైపు కాల్‌క్యులస్ అంతగా అక్కర్లేదు. ఇండక్షన్, ఇన్వేరియంట్ (ఎప్పుడూ చెడకూడని షరతు), కొంచెం ప్రాబబిలిటీ ఉంటే చాలు.

ఒక చిన్న పరీక్ష చెబుతాను. ఐదు మెషీన్లు ఉన్నాయి. ఏ నిర్ణయానికైనా కనీసం మూడింటి ఒప్పుదల కావాలి. ఒక నిర్ణయానికి ఒప్పుకున్న ముగ్గురు, ఇంకో నిర్ణయానికి ఒప్పుకున్న ముగ్గురు: ఈ రెండు గుంపుల్లో కనీసం ఒక మెషీన్ ఉమ్మడిగా ఉండి తీరాలి. ఆ ఉమ్మడి మెషీన్ రెండు నాలుకల ధోరణి చూపనంతవరకు రెండు విరుద్ధ నిర్ణయాలు రావు. ఇది చదివి "అవును కదా!" అనిపిస్తే మీకు కావలసిన గణితం మీలో ఉంది. ఆ మెషీన్ అబద్ధం చెప్పగలిగితే ఏమవుతుంది అన్న ప్రశ్న కూడా వెంటనే వచ్చిందంటే ఇంకా మంచిది. ఆ ప్రశ్నకు జవాబు 1980లోనే వచ్చింది: అబద్ధాలాడేవి f ఉంటే మొత్తం కనీసం 3f+1 కావాలి. ఒక్క అబద్ధాలకోరును తట్టుకోవడానికి నాలుగు మెషీన్లన్నమాట.

ముందు ఉద్యోగం చేసి తర్వాత పీహెచ్‌డీకి రావడం మంచిదా?

చాలామందికి మంచిదే. ఆన్‌కాల్‌లో ఉండి అర్ధరాత్రి రెండింటికి అలారం మోగితే లేచినవాళ్లకు ఏ సమస్య నిజమైనదో, ఏది పేపర్ కోసం పుట్టించినదో వాసన పట్టే ముక్కు ఉంటుంది. మూడేళ్లు దాటితే జీతం వదులుకోవడం కష్టమవుతుంది, అదొక్కటే చిక్కు.

గైడ్‌ను ఎలా ఎంచుకోవాలి? పేరున్న ప్రొఫెసర్ అయితే చాలా?

పేరు చూడండి, కానీ దానికన్నా ముందు ఆయన దగ్గరో ఆవిడ దగ్గరో ఇప్పుడు మూడో, నాలుగో ఏడాదిలో ఉన్న విద్యార్థితో ఒక అరగంట మాట్లాడండి. గైడ్ ఎదుట కాదు, విడిగా. మీ మొదటి పేపర్ ఏ ఏడాది వచ్చింది? డ్రాఫ్ట్ పంపితే ఎన్ని రోజులకు తిరిగొస్తుంది? వదిలేసిన ప్రాజెక్టు ఏదైనా ఉందా, అది వదిలేయాలని ఎవరు చెప్పారు? ఈ చివరి ప్రశ్న ముఖ్యం. ఈ రంగంలో ఒక సిస్టమ్ కట్టడానికే ఏడాదిన్నర పడుతుంది. నడవని ప్రాజెక్టును "ఇక చాలు" అని ఆపగలిగే గైడ్ మీ రెండేళ్లను కాపాడతారు. గైడ్ మంచివారేనా అని మాత్రం అడగకండి. అందరూ అవుననే చెబుతారు.

## మొదటి రెండేళ్లు

ఏ పేపర్లతో మొదలుపెట్టాలి? లిస్టు చూస్తే భయమేస్తోంది.

ఐదు చాలు. లాంపోర్ట్ 1978లో కాలం, గడియారాలు, సంఘటనల వరుస గురించి రాసింది మొదట చదవండి. తర్వాత జిమ్ గ్రే 1985లో కంప్యూటర్లు ఎందుకు ఆగిపోతాయని రాసిన రిపోర్టు. జాగ్రత్తగా కట్టిన సిస్టమ్స్‌లో హార్డ్‌వేర్ కన్నా మనుషుల నిర్వహణ తప్పులు, సాఫ్ట్‌వేరే ఎక్కువగా ముంచుతున్నాయని అందులో చూపించారు, ఇప్పటికీ అది పాతబడలేదు. స్టేట్ మెషీన్ రిప్లికేషన్, అంటే చాలా మెషీన్లు ఒకే పనులను ఒకే వరుసలో చేసి ఒకదానికొకటి నకళ్లుగా ఉండే పద్ధతి, దాని మీద ష్నైడర్ 1990 పాఠం మూడోది. ఆంగారో, ఔస్టర్‌హౌట్ 2014 రాఫ్ట్ పేపర్ నాలుగోది. ఐదోది అదే ఏడాది ఓఎస్‌డీఐ అనే కాన్ఫరెన్సులో వచ్చిన యువాన్ బృందం అధ్యయనం, నిజం సిస్టమ్స్‌లో జరిగిన ఫెయిల్యూర్ల మీద.

చదివేటప్పుడు పక్కన ఒక కాగితం పెట్టుకుని, "వీళ్లు దేన్ని నిజమని అనుకున్నారు?" అన్న ఒక్క ప్రశ్నకు జవాబులు రాయండి. మెసేజ్ పోవచ్చా? డిస్క్ అబద్ధం చెప్పవచ్చా? గడియారాలు కలుస్తాయా? రేపు మీ టాపిక్ ఆ కాగితంలోంచే రావచ్చు.

లైబ్రరీలు ఉండగా రాఫ్ట్‌ను నేనే మళ్లీ రాయడం టైమ్ వేస్ట్ కాదా?

కాదు. పేపర్ చదివితే అర్థమైనట్టే ఉంటుంది. రాసినప్పుడు అర్థం కాలేదని తెలుస్తుంది. ఎంఐటీ వాళ్ల డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ కోర్సు ల్యాబులు, టెస్టులతో సహా ఎవరికైనా అందుబాటులో ఉన్నాయి, గో భాషలో.

ఎక్కడ బోల్తా పడతారో ఒకటి చూపిస్తాను. రాఫ్ట్‌లో మెషీన్లు ఓట్లేసుకుని ఒక లీడర్‌ను ఎన్నుకుంటాయి. ఒక్కో ఎన్నిక విడతను టర్మ్ అంటారు, ఒక టర్మ్‌లో ఒక్కో మెషీన్‌కు ఒకటే ఓటు. క, ఖ, గ అని మూడు మెషీన్లు. ఏడో టర్మ్ ఎన్నికలో గ తన ఓటు క‌కు వేసింది. ఆ సంగతి డిస్క్ మీద రాసుకోకుండానే "నీకే ఓటు" అని జవాబు పంపేసింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి మళ్లీ వచ్చింది. గ లేచింది, తాను ఓటేసిన సంగతే గుర్తులేదు. అదే ఏడో టర్మ్‌లో ఖ వచ్చి అడిగితే దానికీ వేసింది. ఇప్పుడు క దగ్గర రెండు ఓట్లు, ఖ దగ్గర రెండు ఓట్లు, ఒకే టర్మ్‌లో ఇద్దరు లీడర్లు. తప్పంతా రెండు లైన్ల వరుసలో ఉంది: ముందు రాసుకోవాలి, తర్వాత చెప్పాలి. నా మొదటి కోడ్‌లో ఆ వరుస తిరగబడే ఉంది, టెస్టులు వందలో తొంభై తొమ్మిదిసార్లు పాసయ్యేవి. ఆ నూరోసారి కోసం పడిన తిప్పలు నాకు ఏ పేపరూ నేర్పనిది నేర్పాయి.

గో నేర్చుకోవాలా, రస్ట్ నేర్చుకోవాలా?

మీ ల్యాబులో పక్కవాళ్లు ఏది వాడితే అది.

టీఎల్‌ఏ ప్లస్, ప్రూఫ్ టూల్స్ తప్పనిసరా?

టీఎల్‌ఏ ప్లస్ అంటే సిస్టమ్ డిజైన్‌ను గణితంగా రాసి, అందులో తప్పులను టూల్ చేత వెతికించే భాష. దాన్ని ప్రాథమికంగా నేర్చుకోవడానికి రెండు మూడు వారాలు పెడితే నష్టం లేదు. ఆ టూల్‌తో తమ డేటాబేస్ డైనమోడీబీలో దొరికిన ఒక బగ్ గురించి అమెజాన్ ఇంజనీర్లు 2015లో రాశారు. అది బయటపడాలంటే 35 అడుగులు ఒక నిర్దిష్ట వరుసలో పడాలి. మనిషి కూర్చుని ఊహించగలిగే వరుస కాదు అది.

మొత్తం సిస్టమ్‌ను రుజువు చేయడం వేరే స్థాయి. 2015లోనే ఐరన్‌ఫ్లీట్, వెర్డి అనే పరిశోధన ప్రాజెక్టులు వచ్చి అది సాధ్యమేనని చూపించాయి. కానీ రుజువైంది కదా అని గుండె మీద చెయ్యి వేసుకుని పడుకోకండి. 2017లో ఒక బృందం అలా రుజువైన మూడు సిస్టమ్స్‌ను జల్లెడ పట్టి 16 బగ్‌లు తీసింది. ప్రోటోకాల్ లోపల ఒక్కటీ లేదు. రుజువు చేసిన భాగం బయటి ప్రపంచాన్ని తాకే అంచుల్లో, స్పెసిఫికేషన్‌లో, టూల్స్‌లో ఉన్నాయి. నా మాటకొస్తే, ఈ ఫలితం ప్రూఫుల ఓటమి కాదు. ఎక్కడ వెతకాలో చెప్పే మ్యాప్ అది.

ఏడాదైంది, ఇంకా టాపిక్ దొరకలేదు. టెన్షన్‌గా ఉంది.

పేపర్ల చివర "భవిష్యత్తులో చేయవలసిన పని" అని రాసే పేరాల్లో టాపిక్ వెతకడం ఆపండి. అది వాళ్లకే చేయబుద్ధి కాని పని. బదులుగా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల బగ్ రిపోర్టులు, కంపెనీలు బయటపెట్టే అవుటేజ్ నివేదికలు చదవండి. యువాన్ బృందం చేసింది అదే. కసాండ్రా, హెచ్‌బేస్, హెచ్‌డీఎఫ్‌ఎస్, మ్యాప్‌రెడ్యూస్, రెడిస్ అనే డేటా సిస్టమ్స్‌లో యూజర్లు ఫిర్యాదు చేసిన 198 ఫెయిల్యూర్లను ఒక్కొక్కటిగా విప్పి చూశారు. సిస్టమ్ మొత్తం కుప్పకూలిన వాటిలో 92 శాతం, సాఫ్ట్‌వేర్ ముందే ఎర్రర్ అని చెప్పినా దాన్ని సరిగ్గా పట్టించుకోకపోవడం వల్ల జరిగినవి. కొన్నిచోట్ల ఎర్రర్ వస్తే ఏం చేయాలో రాయవలసిన చోట "తర్వాత రాయాలి" అన్న కామెంట్ మాత్రమే ఉంది.

నేను ఇరుక్కున్నప్పుడు ఒక నెల పాటు రోజుకు నాలుగు బగ్ రిపోర్టులు చదివాను. నోట్‌బుక్‌లో నిలువుగా గీత గీసి, ఎడమవైపు ఏం పాడైందో, కుడివైపు ప్రోగ్రామర్ ఏమనుకుని ఉంటాడో రాశాను. ఇరవై రోజులయ్యేసరికి కుడివైపు ఒకే వాక్యం పదేపదే కనిపించింది: "డిస్క్ రాశానంటే రాసినట్టే." నా థీసిస్ అక్కడ పుట్టింది. మీ కుడివైపు ఏ వాక్యం వస్తుందో నాకు తెలియదు, కానీ ఏదో ఒకటి వస్తుంది.

## ప్రయోగాల మధ్యలో

మా ల్యాబులో వెయ్యి సర్వర్లు లేవు. ఈ ఫీల్డ్‌లో నెగ్గుకు రాగలమా?

నమ్మకత్వం మీద పనికి వెయ్యి అక్కర్లేదు. 198 ఫెయిల్యూర్లను విప్పి చూసిన 2014 అధ్యయనంలోనే తేలింది: వాటిలో 98 శాతాన్ని మూడో, అంతకన్నా తక్కువో మెషీన్ల మీద తిరిగి పుట్టించవచ్చు. ఒక మంచి లాప్‌టాప్‌లో మూడు కంటైనర్లు పెట్టి, మధ్యలో మెసేజ్‌లు దారి కాసి పారేసే చిన్న ప్రోగ్రాం ఒకటి రాస్తే సగం ల్యాబు సిద్ధం. పెద్ద సంఖ్యలో మెషీన్లున్నప్పుడే బయటపడే సమస్య మీ టాపిక్ అయితే అప్పుడు క్లౌడ్‌ల్యాబ్, కమీలియన్ లాంటి పరిశోధన క్లస్టర్లు చూడండి. పేపర్ గడువు వారంలో అక్కడ మెషీన్లు దొరకడం కష్టం, నెల ముందే బుక్ చేసుకోండి.

బగ్ ఒకసారి వచ్చింది, మళ్లీ రావట్లేదు. పిచ్చెక్కుతోంది.

మళ్లీ రప్పించగలిగేలా సిస్టమ్‌ను మొదటి రోజు నుంచే కట్టుకోవాలి. ఇది ఆలస్యంగా తెలుసుకునే సంగతి. గడియారం, నెట్‌వర్క్, డిస్క్, ర్యాండమ్ నంబర్లు, ఈ నాలుగింటినీ మీ కోడ్ నేరుగా తాకకూడదు. మధ్యలో మీ చేతిలో ఉండే ఒక పొర పెట్టండి. అప్పుడు టెస్టులో మొత్తం క్లస్టర్‌ను ఒకే ప్రాసెస్‌లో, ఒక సీడ్ నంబరుతో (ర్యాండమ్ నంబర్ల వరుసను నిర్ణయించే నంబరు) నడపవచ్చు. బగ్ వస్తే ఆ సీడ్ రాసుకుంటే చాలు, ఎన్నిసార్లు నడిపినా అదే వరుసలో అదే బగ్. ఫౌండేషన్‌డీబీ అనే డేటాబేస్ కట్టినవాళ్లకు పేరు తెచ్చింది ఈ పద్ధతే.

నా పాత సంగతి ఒకటి చెప్పాలి, నవ్వుకోండి. మూడు మెషీన్ల లాగ్‌లను టైమ్ ప్రకారం కలిపి పేర్చి చూస్తే, రిక్వెస్టు బయల్దేరకముందే దాని జవాబు వచ్చినట్టు కనిపించింది. మూడు వారాలు కోడ్ అంతా తవ్వాను. కోడ్‌లో ఏ తప్పూ లేదు. ఒక మెషీన్ గడియారం ఏడు మిల్లీసెకన్లు వెనకబడి ఉంది, అంతే. లాంపోర్ట్ 1978 పేపర్ ప్రింటు నా టేబుల్ మీదే ఉంది, దాని మీద టీ కప్పు పెట్టుకునేవాణ్ణి.

ప్రయోగ ఫలితాలు ఎలా చూపిస్తే రివ్యూయర్లు నమ్ముతారు?

సగటు ఒక్కటే చూపించకండి. 99వ పర్సెంటైల్ (నూటికి 99 రిక్వెస్టులు ఎంతలోపు ముగిశాయో చెప్పే అంకె) కావాలి, ఇంకా ముఖ్యంగా సమయం వెంబడి గీసిన ఒక గ్రాఫ్ కావాలి. అడ్డంగా సెకన్లు, నిలువుగా సెకనుకు ఎన్ని పనులు. ముప్పయ్యో సెకను దగ్గర లీడర్‌ను చంపండి. గీత ఎంత లోతుకు పడింది, ఎన్ని సెకన్లలో లేచింది, లేచాక పాత ఎత్తుకు వచ్చిందా? ఈ ఒక్క బొమ్మ పది టేబుళ్ల పెట్టు. చంపడం కూడా రకరకాలుగా చేయండి: ప్రాసెస్‌ను ఆపడం, నెట్‌వర్క్ ఒకవైపు మాత్రమే తెంచడం, డిస్క్‌ను నిండించడం, మెషీన్‌ను చంపకుండా పదింతలు నెమ్మదించడం. చివరిదానికే ఎక్కువ సిస్టమ్స్ మోకాళ్ల మీద పడతాయి.

పోటీ సిస్టమ్‌ను మీ సిస్టమ్‌ను సర్దినంత శ్రద్ధగా సర్దండి. డిఫాల్ట్ సెట్టింగులతో వదిలేసి గెలిచామంటే రివ్యూయర్లకు ఇట్టే తెలిసిపోతుంది, వాళ్లలో ఒకరు దాన్ని కట్టినవారే అయ్యుండొచ్చు.

"ఐదు తొమ్మిదుల లభ్యత" లాంటి మాట వాడేముందు లెక్క వేసుకోండి. 99.9 శాతం అంటే ఏడాదికి దాదాపు 8 గంటల 45 నిమిషాలు మూత. 99.999 శాతం అంటే 5 నిమిషాలకు కొంచెం పైన. రెండు గంటల ప్రయోగం చేసి ఐదు తొమ్మిదులు అనడం కుదరదు.

## పేపర్లు, రిజెక్షన్లు

పేపర్ ఎక్కడికి పంపాలి?

ఎస్‌ఓఎస్‌పీ అనే కాన్ఫరెన్సు 1967 నుంచి ఉంది. దశాబ్దాల పాటు రెండేళ్లకోసారి జరిగేది, ఇప్పుడు ఏటా జరుగుతోంది. ఓఎస్‌డీఐ 1994లో, ఎన్‌ఎస్‌డీఐ 2004లో మొదలయ్యాయి. సిస్టమ్ కట్టి, కొలిచి, కొత్త ఆలోచన చూపితే ఈ మూడు, యూరోసిస్ స్థాయివి. రాఫ్ట్ వచ్చింది 2025తో ఆగిపోయిన యూజనిక్స్ ఏటీసీలో, కాబట్టి పేరు చూసి చిన్నచూపు వద్దు. ఫెయిల్యూర్ల లోతైన అధ్యయనం, మెషీన్లు ఎలా తప్పు చేస్తాయో చెప్పే కొత్త నమూనా, హార్డ్‌వేర్ నమ్మకత్వం లాంటివి డీఎస్‌ఎన్‌కు బాగా నప్పుతాయి. దాని మూలాలు 1971లో మొదలైన ఎఫ్‌టీసీఎస్‌లో ఉన్నాయి. ప్రూఫ్ ప్రధానమైతే పీఓడీసీ. ఆలోచన బాగుంది కానీ ఇంకా కట్టలేదంటే హాట్ఓఎస్‌కు ఐదు పేజీలు రాయండి. గ్రే ఫెయిల్యూర్, మెటాస్టేబుల్ ఫెయిల్యూర్ రెండూ అక్కడ పుట్టినవే.

ఒకే పేపర్ మూడుసార్లు రిజెక్ట్ అయింది. వదిలేయాలా?

పాక్సోస్ పేపర్‌ను లాంపోర్ట్ ఒక గ్రీకు ద్వీపం పార్లమెంటు కథగా రాసి 1990లో పంపారు. అచ్చయింది 1998లో. రివ్యూయర్లు పర్లేదు గానీ పెద్ద ముఖ్యమైనదేం కాదన్నారని, ఆ గ్రీకు ద్వీపం కథంతా తీసేయమన్నారని ఆయనే తర్వాత రాసుకున్నారు. ఆయనకు 2013 ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఈ కథ వినగానే అందరూ తమ పేపర్‌నూ పాక్సోస్ అనుకుంటారు, అది ప్రమాదం. ఆ పేపర్ ఆగిపోవడానికి కొంత కారణం అది రాసిన తీరు కూడా.

నేను చేసేది ఇది. మూడుసార్ల రివ్యూలన్నీ వరుసగా ప్రింట్ తీసి, కోపం దిగడానికి వారం ఆగి, ఒకే విడతలో చదువుతాను. ప్రతిసారీ వేరువేరు తప్పులు చెబితే అది అదృష్టం ఆట, సర్ది మళ్లీ పంపండి. ముగ్గురూ వేరే మాటల్లో ఒకటే అంటుంటే, ఉదాహరణకు ఒకరు "ప్రేరణ బలహీనం" అని, ఇంకొకరు "ఇది ఎక్కడ జరుగుతుంది?" అని, మరొకరు "ప్రయోగంలో కృత్రిమమైన లోడ్" అని అంటే, సమస్య ప్రయోగంలో లేదు. మీ సమస్య నిజంగా ఎవరికో ఉందని మీరు చూపించలేదు. దానికి ఇంకో ఆరు గ్రాఫులు మందు కాదు.

"కొత్తదనం లేదు" అని రాశారు. ఏం చేయాలి?

చాలాసార్లు దానర్థం, మీరు రెండో పేజీలోనే పరిష్కారం చెప్పేశారని. తేలిగ్గా కనిపించే పరిష్కారాన్ని ముందు మీరే చెప్పి, అది ఏ సందర్భంలో ఎలా చెడుతుందో ఒక బొమ్మలో చూపించి, ఆ తర్వాత మీదాన్ని తీసుకురండి.

కోడ్ బయట పెడితే తప్పులు దొరికిపోతాయేమో?

దొరుకుతాయి. పెట్టండి. ఇప్పుడు పెద్ద కాన్ఫరెన్సుల్లో ఆర్టిఫాక్ట్ పరిశీలన ఉంది. వేరేవాళ్లు మీ కోడ్ నడిపి చూసి బ్యాడ్జీ ఇస్తారు. ఆ పరిశీలన కమిటీల్లో పీహెచ్‌డీ విద్యార్థులే ఎక్కువ. మీరూ ఒకసారి చేరితే ఇతరుల సిస్టమ్స్ లోపలి నుంచి ఎలా ఉంటాయో తెలుస్తుంది.

## పీహెచ్‌డీ ముగిశాక

ఇండస్ట్రీకి వెళ్లాలా, యూనివర్సిటీలో ఉండాలా?

ఈ రంగంలో గోడ పలచన. డేటా నిల్వ చేసే పెద్ద సిస్టమ్స్ మీద వచ్చిన జీఎఫ్‌ఎస్, డైనమో, స్పానర్ పేపర్లన్నీ కంపెనీల నుంచి వచ్చినవే. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తిరిగేవాళ్లు చాలామంది. జీతం, మెషీన్లు, నిజమైన ట్రాఫిక్, ఇవి కావాలంటే ఇండస్ట్రీ. అక్కడ దొరకనివి రెండున్నాయి. మీ సమస్య వచ్చే మూడు నెలల్లో ఎవరికీ పనికిరాకపోయినా దాని మీద కూర్చునే తీరిక ఒకటి. ఫలానా పద్ధతి పనిచేయదు అని నలుగురి ముందు చెప్పే స్వేచ్ఛ రెండోది. ఐదు సిస్టమ్స్‌ను పక్కపక్కన పెట్టి ఎవరు ఎక్కడ పడ్డారో ప్రచురించడం యూనివర్సిటీలో ఉన్నవారికే తేలిక.

ఇంకా తేల్చుకోలేకపోతే, గత నెలలో మీకు ఏ పని చేస్తుంటే టైమ్ తెలియలేదో చూసుకోండి. డీబగ్గింగా, రాయడమా, జూనియర్‌కు చెప్పడమా?

పోస్ట్‌డాక్ తప్పనిసరా?

పీహెచ్‌డీ తర్వాత కొన్నాళ్లు చేసే ఈ తాత్కాలిక పరిశోధన ఉద్యోగం సిస్టమ్స్‌లో తప్పనిసరి కాదు. థియరీ వైపు మామూలే. పెద్ద పేపర్ ఒకటి సగంలో ఉంటే, లేదా రంగం కొంచెం మార్చుకోవాలంటే ఒకటి రెండేళ్లు మంచివే. ఏం చేయాలో తోచక మాత్రం చేయకండి.

జాబ్ టాక్‌లో ఏం చెప్పాలి? మా పేపర్ టాక్‌నే పెద్దది చేస్తే సరిపోదా?

సరిపోదు. హాల్లో ఉన్నవారిలో మీ రంగంవాళ్లు ముగ్గురో నలుగురో. మిగతావాళ్లు గ్రాఫిక్స్, థియరీ, మెషీన్ లెర్నింగ్. మొదటి పది నిమిషాలు ఒకే ఒక్క ఫెయిల్యూర్ కథ చెప్పండి. ఏ మెషీన్ ఏమనుకుంది, ఏది నిజం, ఆ రెండింటి మధ్య తేడా వల్ల ఏం పోయింది. ఆ కథలోని ప్రతి మలుపూ మీ ఒక్కో పేపర్‌కు తలుపు కావాలి. చివర్లో "మీరు ఇక్కడికి వస్తే ఐదేళ్లలో ఏం చేస్తారు?" అన్న ప్రశ్న తప్పదు. "ఇదే ఇంకా వేగంగా" అన్న జవాబు ఎవరినీ ఒప్పించదు.

## ప్రొఫెసర్ అయ్యాక

కోడ్ రాసే టైమ్ మిగులుతుందా?

ఉండదు. నిధుల ప్రపోజల్స్, కమిటీలు, క్లాసులు, రివ్యూలు పోను వారానికి ఒక పూట దొరికితే గొప్ప. ఆ పూట విద్యార్థుల దారికి అడ్డం రాని పని పెట్టుకోండి. నేను టెస్టులు రాస్తాను, వాళ్ల సిస్టమ్స్‌ను పడగొట్టే టెస్టులు. వాళ్లకు చిరాకే, నాకు మాత్రం సరదా.

నా విద్యార్థి రెండేళ్లుగా కష్టపడుతున్నాడు, పేపర్ రాలేదు. ఎవరి తప్పు?

ముందుగా గైడ్‌దే అనుకుని చూడండి. నాకిలా జరిగినప్పుడు విద్యార్థిని కూర్చోబెట్టుకుని, సిస్టమ్ పూర్తయితే మొదటి గ్రాఫ్ ఎలా ఉంటుందో బోర్డు మీద గీయమన్నాను. గీయలేకపోయాడు. అప్పుడు నేనే గీద్దామని లేచాను. నాకూ రాలేదు. రెండేళ్లుగా ఏం చూపించాలో తెలియని సిస్టమ్‌ను కట్టిస్తున్నానని అక్కడ తెలిసింది. ఇప్పుడు ప్రాజెక్టు మొదలైన నెలలోపు ఆ ఊహా గ్రాఫ్ బోర్డు మీద ఉండాలన్నది మా ల్యాబ్ నియమం. తర్వాత అది మారినా ఫర్వాలేదు.

డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ కోర్సు చెప్పాలి. స్లైడ్లతో పిల్లలు నిద్రపోతున్నారు.

స్లైడ్లు మూసేసి చీటీలు పంచండి. ఐదుగురు విద్యార్థులను గదిలో ఐదు చోట్ల వీపులు తిప్పి కూర్చోబెట్టండి. వాళ్లే మెషీన్లు. మాట్లాడకూడదు, చీటీ రాసి పంపాలి. ఆరో విద్యార్థి నెట్‌వర్క్, చీటీలు మోసేది ఆ అమ్మాయే. ఐదుగురూ కలిసి ఒకే రంగు ఎంచుకోవాలి, అంతే పని. మొదటి ఆట రెండు నిమిషాల్లో అయిపోతుంది. రెండో ఆటకు ముందు నెట్‌వర్క్ చెవిలో చెప్పండి: కొన్ని చీటీలు జేబులో వేసుకో, కొన్ని ఐదు నిమిషాల తర్వాత ఇవ్వు. ఇంకో విద్యార్థిని మధ్యలో నిశ్శబ్దంగా బయటికి పంపేయండి.

మొన్నటి క్లాసులో ఇరవై నిమిషాలు గడిచాక ఇద్దరు ఎరుపు అని, ఇద్దరు నీలం అని చేతులెత్తారు. బయటికి పంపిన ఐదో అబ్బాయికి మూడు చీటీలు వచ్చి కుర్చీ మీద పడి ఉన్నాయి, మూడింటిలోనూ ఒకటే రాసి ఉంది: "ఉన్నావా?"